అంతా పిల్లల కోసమే

మా బావగారికి గుర్రప్పందాలంటే బొత్తిగా ఆసక్తి లేదు. ఈ మాట చెప్పేది ఆయనే. చెవి మీద పెన్సిల్ దోపుకుని, పేపర్లోని రేసు పేజీని ఫ్రిజ్ మీద తిరుమల క్యాలెండరు పక్కన అంటిస్తూ చెబుతారు. "ఏదో పిల్లల సరదా కోసమేనోయ్!" ఆ పిల్లల్లో పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నవాడికి నాలుగు.

మెల్‌బోర్న్ తెలుగువాళ్ళలో ఇలాంటి తండ్రి వీధికొకడుంటాడు. నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్పు గుర్రప్పందెం. ఊరంతటికీ ప్రభుత్వ సెలవే. సోమవారం ఆఫీసుకి ఎగనామం పెడితే శనివారం డెర్బీ పందెంతో కలిపి నాలుగు రోజులు. విజయవాడలో ఉన్న వాళ్ళమ్మగారికి మాత్రం బావగారు "పిల్లల్ని ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తున్నా" అని చెబుతారు. రేసులంటే ఆవిడకి పాత సినిమాల్లో ఇల్లు తాకట్టు పెట్టే సీనే గుర్తొస్తుంది మరి.

అసలు హడావిడి వారం ముందే మొదలవుతుంది, విజ్ఞానయాత్ర పేరుతో. మ్యూజియంలో ఫార్ ల్యాప్ అనే గుర్రం ముందు పిల్లల్ని నిలబెట్టారు. "1930లో కప్పు గెలిచిన మహానుభావుడురా! చర్మం ఇక్కడ, గుండె కాన్‌బెరాలో, ఎముకలు న్యూజిలాండ్‌లో దాచుకున్నారు" అని ఆయన గొంతు పూడుకుపోతూ చెబుతుంటే, చిన్నవాడు "దాన్ని కోసిందెవరు నాన్నా?" అన్నాడు. ఆ రాత్రి వాడు మా అక్క కొంగు వదల్లేదు.

పెద్దదానికేమో మిషెల్ పేన్ కథ. 2015లో ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ మీద గెలిచి, ఈ కప్పు కొట్టిన మొదటి మహిళా జాకీ అయింది. "ఆడపిల్ల తలుచుకుంటే ఏమైనా సాధిస్తుందమ్మా" అని మొదలుపెడతారు. మధ్యలో ఎక్కడో పట్టు తప్పుతుంది. "ఒకటికి వంద పలికిన గుర్రం! పది డాలర్లు పెట్టుంటే..." అని పైకప్పు వంక చూస్తూ ఉండిపోతారు. ఆడపిల్ల సంగతి మళ్ళీ రాదు.

కప్పు రోజు పొద్దున్నే గుర్రాల పేర్లు చీటీలు రాసి, ఇడ్లీ గిన్నెలో వేసి పంపకం. ఆఖర్న వచ్చిన గుర్రానికీ ఓ బహుమతి ఉంటుంది; లేకపోతే చిన్నవాడి ఏడుపు ఆపడం ఎవరి తరం? తర్వాత ట్రైను. బావగారు సూటూ టైతో ప్రామ్ తోస్తుంటారు. ఆ ఊళ్ళో ఒక్కరోజులోనే ఎండా వానా చలీ అన్నీ వస్తాయి కాబట్టి, ప్రామ్ కింద సన్‌స్క్రీనూ, రెయిన్‌కోట్లూ, వాటి మధ్య పులిహోర డబ్బా. అక్క పట్టుచీర కట్టి, తలకి ఈకల అలంకారం పెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, బాగుంది.

ఫ్లెమింగ్టన్ రేసుకోర్సులో గులాబీలు విరగబూసి ఉంటాయి. నాలుగేళ్ళవాడికి మాత్రం జనం నడుములే కనిపిస్తాయి. పిల్లలకి అక్కడ పనికొచ్చే చోటల్లా, పందేనికి ముందు గుర్రాల్ని తిప్పే ఆవరణ కంచె. మెరిసే ఒళ్ళూ, జాకీల రంగురంగుల చొక్కాలూ దగ్గర్నుంచి చూడొచ్చు. పెద్దది గులాబీ రంగు చొక్కాని ఎంచుకుని నిశ్చింతగా కూర్చుంది. బావగారు మాత్రం నేల తడి, జాకీ బరువు, గుర్రం తాతగారి చరిత్ర తిరగేస్తున్నారు. కన్నబిడ్డల బ్లడ్ గ్రూపు అడిగితే అక్క వైపు చూసే మనిషి!

కప్పు దూరం 3,200 మీటర్లు. మూడున్నర నిమిషాల్లోపే అయిపోతుంది. గుర్రాలు గేట్లలోకి వెళ్తుండగా, చిన్నవాడు ఆయన కోటు లాగి "నాన్నా, ఒకటికి" అన్నాడు.

అక్క అర్జంటుగా ఆకాశంలోకి చూసింది. నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాను.

"మూడే నిమిషాలు ఆగు నాన్నా, నా బంగారం కదూ!"

బంగారం ఆగలేదు. వాణ్ణి చంకనేసుకుని బావగారు పరుగు తీశారు. జనం హోరు లేచింది, పడింది. ఇంతలో ఒగరుస్తూ తిరిగొచ్చి, "ఏది? ఏది గెలిచింది?" అన్నారు.

"గుర్రం" అంది పెద్దది, చిప్స్ నములుతూ.

తిరుగు ట్రైన్లో ఆయనే తేరుకున్నారు. "పిల్లలు ఎంత సంతోషించారో చూశావా! గురువారం ఓక్స్ డే పందేలు. ఒక్కరోజు బడి మానిపిస్తే కొంపలేం మునగవు."

"వాళ్ళు బడికే వెళ్తారు" అంది అక్క.

కాసేపు కిటికీలోంచి చూసి, నా వైపు వంగారు. "పోనీ మనిద్దరం వెళ్దామోయ్. ప్రామ్ తీసుకుని."

"పిల్లలు లేకుండా ప్రామ్ ఎందుకు బావగారూ?"

"ప్రామ్ ఉంటే జనం దారిస్తారోయ్."