తోడుమావయ్య

గొలుగొండలో ఎవరైనా జ్ఞానదంతం పీకించుకోవాలంటే పళ్ళ డాక్టరు, మత్తు సూది, తోడుమావయ్య ఉండాలి. మొదటి రెండూ నర్సీపట్నంలో దొరుకుతాయి. మూడోది అడక్కుండానే ఆటో దగ్గర నిలబడి ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న మా మండలం విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది గానీ, పంటినొప్పికి జిల్లా కేంద్రం ఎప్పుడూ నర్సీపట్నమే. అక్కడ ఏ డాక్టరు ఏ పూట ఉంటాడో, ఎక్కడ ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా దొరుకుతుందో, ఏ మందుల షాపువాడు చిల్లరకి బదులు చాక్లెట్లు అంటగడతాడో మావయ్యకి కంఠోపాఠం. ఆయన పేరు చెప్పను. చెప్పక్కర్లేదు కూడా, ఏ ఊరికి ఆ ఊళ్ళో ఒకడు ఉంటాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డ సంచి. సంచిలో నీళ్ళ సీసా, తువ్వాలు, నిన్నటి పేపరు, ఎవరెవరివో మందుల చీటీలు. ఒకరి చీటీ ఇంకొకరికి పనికిరాకపోదని ఆయన గట్టి నమ్మకం. తన తోటలో జీడిపిక్కలు రాలి పడి ఉన్నా సరే, ఊళ్ళో ఒక దవడ వాచిందంటే ముందు అక్కడ వాలతాడు.

డబ్బు పుచ్చుకోడు. ఈ మాట ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది. టిఫిను మాత్రం పెట్టించుకుంటాడు, అదీ పన్ను పీకించాకే. పీకించుకున్నవాడు గాజుగుడ్డ కొరికిపట్టి కూర్చుంటాడు. మాట్లాడకూడదు, ఉమ్మకూడదు, మత్తు దిగేదాకా నమలకూడదు. ఎదురుగా మావయ్య ముందు ఉప్మా పెసరట్టు. "నువ్వు ఎలాగూ తినకూడదు గదా అల్లుడూ, నీ వాటా కూడా నేనే తినేత్తన్నాను" అంటూ రెండోది చెబుతాడు. నోరు తెరవలేనివాడు బిల్లు దగ్గర పేచీ ఏం పెట్టగలడు?

డాక్టరు దాకా వెళ్ళేలోపు ఆయన సొంత వైద్యం ఒక విడత నడుస్తుంది. లవంగం నొక్కి పెట్టమంటాడు. అది మంచిదే, లవంగ నూనెలోని యూజినాల్‌కి తిమ్మిరెక్కించే గుణం ఉంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంటాడు, అదీ మంచిదే. తర్వాత వాకుడుకాయ గింజల పొగ పట్టించి పన్ను పురుగుని కింద పడేస్తానంటాడు. పంట్లో పురుగుండదని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు, ఈయన పళ్ళెంలో నీళ్ళు పోసి దాని కోసం కాచుకుంటూనే ఉన్నాడు. ఒకాయన ఎవరి మాటో విని చిగురుకి జీడిపిక్క తొక్కలోని నూనె రాసుకున్నాడు. పెదవి, బుగ్గ బొబ్బలెక్కి, ఆ మంటలో పంటినొప్పి ఊసే మరిచిపోయాడు. ఆ సలహా తనది కాదని మావయ్య ఇప్పటికీ నూకాలమ్మ మీద ఒట్టేస్తాడు.

మొన్న డిగ్రీ చదువుతున్న కుర్రాడికి దవడ వాచింది. నోట్లోకి ఒక వేలు పట్టడమే కష్టం. పదిహేడూ పాతికేళ్ళ మధ్య వచ్చే పన్ను, మిగతావన్నీ సర్దుకుని కూర్చున్నాక ఆఖర్న బయల్దేరుతుంది. చోటుండదు. సగం పైకొచ్చి ఆగిపోతుంది, మిగతా సగం మీద చిగురు మూతలా కప్పేస్తుంది. ఆ మూత కింద మెతుకు ఇరుక్కుని, కుళ్ళి, చీము పడుతుంది. సుశ్రుతుడు నిదానస్థానంలో అధిమాంసకం అని చెప్పిన రోగం అచ్చం ఇలాగే ఉంటుంది: చివరి పంటి దగ్గర పెద్ద వాపు, భరించలేని నొప్పి, కారే చొంగ. పక్కన ఆటోలో కూర్చునేవాడి గురించి మాత్రం ఆయన ఏమీ రాయలేదు.

ఆటో ఏటిగైరంపేట చేరేసరికే మావయ్య మొదలెట్టాడు. "పైపన్ను పీకితే కళ్ళు పోతాయంటారు. నీది కిందదే గాబట్టి కళ్ళకి ఢోకా లేదు. మూతి వంకర పోద్దేమో, అంతే." కుర్రాడు పాలిపోయాడు. పక్కనున్న నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. కంటిచూపు నరం వేరు, పంటి నరం వేరు. కింది జ్ఞానదంతం వేళ్ళ దగ్గరగా దవడ ఎముకలో ఒక నరం పోతుంది, అది కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. పీకేటప్పుడు అది నలిగితే పెదవి మొద్దుబారొచ్చు, చాలామందికి మళ్ళీ స్పర్శ వస్తుంది. మూతిని కదిలించే నరం అది కాదు, కాబట్టి వంకర పోయే ప్రశ్నే లేదు. ఇదంతా డాక్టరు బొమ్మ గీసి మరీ మావయ్యకి చెప్పాడు. మావయ్య శ్రద్ధగా తలూపి, "వంకర పోయినా మళ్ళీ తిన్నగా వచ్చేత్తాదంట" అని బయట కూర్చున్న నాయనమ్మకి అనువదించాడు.

కృష్ణదేవిపేట నుంచి వచ్చేవాళ్ళకైతే వేరే మోతాదు. "అల్లూరి సీతారామరాజు సమాధున్న ఊరోడివి, సూదికి బయపడతావేటి? 1922లో మీ ఊరి పోలీస్ స్టేషను మీద పడ్డాడు. ముందే కబురెట్టి మరీ వచ్చేవోడు. డాక్టరూ అంతే గదా, సెప్పే పీకుతాడు." ఇంతకీ తను పోలీసుల వైపో, రాజుగారి వైపో రోగికి అర్థం కాదు.

మన కుర్రాడికి వాపు తగ్గేదాకా పీకకూడదని డాక్టరు మాత్రలు రాసి పంపేశాడు. మావయ్యకి ఇది బొత్తిగా నచ్చలేదు. అంత దూరం వెళ్ళి ఒట్టి చేతులతో ఎలా వస్తాం అన్నట్టు ముఖం పెట్టి, ఆ రోజు పెసరట్టు ఊసే ఎత్తలేదు. రెండో విడతలో దవడ మొత్తం ఎక్స్‌రే తీశారు. యంత్రం దిష్టి తీస్తున్నట్టు తల చుట్టూ తిరిగింది. ఫిలింలో పన్ను అడ్డంగా పడుకుని ముందు పంటిని తంతోంది. సూది పడింది, చిగురు కోశారు, పన్ను ముక్కలు చేసి తీశారు, కుట్లేశారు. కుర్రాడికి చప్పుడు తెలిసింది గానీ నొప్పి తెలీలేదు.

ఇక్కడ నాకొక చిన్న పక్కదారి కావాలి. 1844 డిసెంబర్ 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వించే వాయువు పీల్చి, తన జ్ఞానదంతాన్నే తోటి వైద్యుడు రిగ్స్ చేత పీకించుకున్నాడు. నొప్పి తెలియకుండా పన్ను తీయొచ్చని అలా తేలింది. ఆ గ్యాసు తెచ్చి పట్టించినవాడు కోల్టన్, ఊరూరా ఆ వాయువుతో ప్రదర్శనలిచ్చే మనిషి. ముందురోజే అతను టిక్కెట్టు పెట్టి ఆట ఆడించాడు. పన్ను అతనిది కాదు, పీకింది అతను కాదు, అయినా గదిలో ఉన్నాడు. నా లెక్కలో మావయ్య వంశానికి మూలపురుషుడు అతనే.

పీకాక చెప్పాల్సిన జాగ్రత్తలు డాక్టరు చెప్పేలోపే మావయ్య అందుకుంటాడు. ఇవి మటుకు తప్పుల్లేకుండా చెబుతాడు. పన్ను పోయిన గుంటలో నెత్తురు గడ్డకట్టి ఉండాలి, అదే మూత. ఉమ్మితే, స్ట్రాతో పీలిస్తే, పొగ తాగితే అది ఊడి ఎముక బయటపడుతుంది. అప్పుడు మూడోనాడు లేచే నొప్పి ముందు అసలు పంటినొప్పి బలాదూర్. "సిగరెట్టు, సుట్ట ముట్టుకోకూడదు" అని కుర్రాడికి చెబుతుంటే నాయనమ్మ అడిగింది: "నాది అడ్డసుట్ట గదా బాబూ, నిప్పు నోట్లోనే ఉంటాది, దానికీ కూడదా?" మావయ్య జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. అటు శ్రీకాకుళం నుంచి ఇటు మా దాకా ఆడవాళ్ళకి ఇది పాత అలవాటు. ఇది అంగిటిని ఏం చేస్తుందో చూడ్డానికి డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్, మనవాళ్ళు కలిసి ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించారు. వాళ్ళు చూసినవి నవ్వుకునే సంగతులు కావు, అందుకే ఇక్కడ ఆపుతాను. అన్ని వేల నోళ్ళు తెరిపించారని వినగానే మావయ్య మాత్రం, అప్పుడు వాళ్ళకి తోడెవరు వెళ్ళారని అడిగాడు.

కుర్రాడు వారంలో కుట్లు విప్పించుకుని కోడికూర తిన్నాడు. మావయ్యకి ఉత్సాహం ఎక్కువైంది. "నొప్పి వచ్చేదాకా ఎందుకు? ఊరందరివీ నాలుగేసీ పీకించేద్దాం" అని బయల్దేరాడు. నొప్పీ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో పీకొద్దని బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ 2000లోనే చెప్పిందని డాక్టరు అడ్డుపడ్డాడు. "ఆళ్ళకేటి తెల్సు మన గొలుగొండ సంగతి" అని మావయ్య గొణిగాడు.

అసలు బాధ వేరే ఉందని నాకనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా డాక్టరు గది బయట హాల్లో కూర్చున్నా మావయ్య నోరు ఎవరూ చూడలేదు. చివరికి ఒకరోజు దవడ పట్టుకుని, "నాకూ సలుపుతోందండీ" అన్నాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిలింని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి, "మీకు జ్ఞానదంతాలే లేవు. కొందరికి పుట్టుకతోనే ఏర్పడవు. అదృష్టవంతులు" అన్నాడు.

ఊళ్ళో ఈ కబురు పొక్కాక ఏం జోకు వేశారో మీకిప్పటికే తట్టి ఉంటుంది. టీకొట్టు దగ్గర ప్రతివాడికీ తట్టింది, నేను మళ్ళీ వెయ్యను. మావయ్య కొన్నాళ్ళు ఆటో స్టాండు వైపు రాలేదు. ఈలోగా చోద్యం నుంచి ఒకమ్మాయికి దవడ వాచింది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో హాజరు. ఆటో కదిలింది, ఆ పిల్ల వణుకుతోంది. మావయ్య సంచిలోంచి తన ఫిలిం తీసి వెలుతురుకి పట్టాడు.

"సూడమ్మా, నాలుగు చివర్లూ ఖాళీ. నాలుగూ ఒక్కరోజే పీకించేసుకున్నాను. నాకేటైనా అయిందా?"