తల జాగ్రత్త

"తల జాగ్రత్త!" కాచిగూడలో మా ఇంటికి ఎవరొచ్చినా మొదట వినబడే మాట అదే. ఆ మాటకు కారణం నేనే. నడి గది దూలాన్ని. అడవిలో టేకుమానుగా పెరిగి, 1916లో కాచిగూడ స్టేషను కట్టాక ఆ చుట్టుపక్కల ఇళ్లు లేస్తున్న రోజుల్లో గోడెక్కాను. నా మీద దంతెలు, వాటి మీద బెంగుళూరు పెంకులు. అప్పుడు నేలకూ నాకూ మధ్య 9 అడుగులు.

దూలం దిగిపోయిందని ఊరంతా నన్నే అంటుంది. నేను వెంట్రుకవాసి కదల్లేదు. నేలే పైకొచ్చింది. పాతది తవ్వకుండా తారు మీద తారు పోసేసరికి వీధి లేచింది, వాన నీళ్లు గడప దాటాయి. ఇంటివాళ్లు సున్నపు గచ్చు మీద మొరం నింపి షాబాదు బండలు పరిచారు. కొన్నాళ్లకు వాటి మీద మొజాయిక్. 2020 అక్టోబరు వానకు మంచాల కింద నీళ్లు తిరిగాక మళ్లీ మొరం, టైల్స్. టేపు పెట్టి చూస్తే మిగిలింది 7 అడుగులు. మనుషులుండే గదికి 2.75 మీటర్ల ఎత్తుండాలంటుంది జాతీయ భవన నియమావళి. అంటే దాదాపు నా మొదటి ఎత్తే! దూలం కింద మంచం వేయకూడదంటారు గానీ, మా ఇంట్లో అది శాస్త్రం కాదు, నుదుటి బొప్పి నేర్పిన పాఠం.

"నేల తవ్వుదమా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"తవ్వితే వానకాలం ఇల్లు బాయైతది. కప్పే లేపుండ్రి," అంది నాయనమ్మ.

పెంకులు దించారు. దంతెలకు బొగ్గుతో నంబర్లు వేశారు. నా రెండు కొసల కింద చెక్కదిమ్మెలు పేర్చి జాకీలు పెట్టారు. ఇటు అర అంగుళం, అటు అర అంగుళం. లేచినంత మేరా చెక్క దూర్చడం. ఒక పక్క తొందరపడితే నేను పగులుతాను, గోడ బీటలిస్తుంది. అప్పుడు బయటపడింది నా గుట్టు. స్నానాలగది వైపు గోడలో ఇన్నేళ్లూ చెమ్మ పీల్చిన నా కొస అటుకుల్లా రాలింది.

నాయనమ్మ ముఖం వాడిపోయింది. వడ్రంగి సుత్తితో నడుమ కొట్టాడు. కంగుమన్నాను.

"కొసనే పోయింది. నడుము ఉక్కు."

జానెడు కోసేశాడు. పాత గోడల మీద ఆర్‌సీసీ బెల్టు పోసి, ఆపైన 2 అడుగులు ఇటుక కట్టారు. పొట్టిదాన్నయ్యాను కనుక గోడలోంచి ఒక బండను ముందుకు పొడిచేట్టు పెట్టి, దాని మీద నన్ను ఆనించారు. ఈసారి కొస చుట్టూ గాలాడేంత సందు వదిలారు. ఆ తెలివి మొదటి మేస్త్రీకి ఉంటే నాకీ కోత తప్పేది.

ఇప్పుడు నాకు ఫ్యాను వేలాడుతోంది. నా నడుము మీద నున్నగా అరిగిన గాడి ఒకటుంది, మూడు తరాల ఉయ్యాల తాడు రాసుకున్నది. నిన్న మునిమనవరాలికి ఉయ్యాల కట్టబోయారు. పాత తాడు చాలలేదు. నాయనమ్మ తలెత్తి నా వంక చూసి, బజారుకు మనిషిని పంపింది.