నడి సముద్రంలో ఫంక్షన్ హాలు

మన తీరం పెరిగింది. సముద్రం ఒక్క అడుగు కదల్లేదు, మనం ఎక్కడా తట్టెడు ఇసుక పోసింది లేదు, అయినా పెరిగింది. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని బట్టీపట్టి, పరీక్షల్లో రాసి, మార్కులు తెచ్చుకున్న తరం మాది. కేంద్రం కొత్త కొలతల్లో అది 1,053 కిలోమీటర్లు. దేశం మొత్తానికి 7,516 ఉన్నది 11,098 అయింది. పాత లెక్కలో పైపైన గీసుకుపోయిన వంకరలన్నిటినీ ఈసారి దగ్గరగా చూసి కొలిచారట. కాగితం మీద నేల పెరగడం మన రియల్ ఎస్టేటు వాళ్లకు కొత్త కాదు. సర్కారు చట్టబద్ధంగా పెంచడమే విశేషం.

ఈ వార్తను అందరికంటే గట్టిగా పట్టించుకున్నవాడు మా పెద్ద తోడల్లుడు. హైదరాబాదులో ప్రాజెక్ట్ మేనేజరు. పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి. "తమ్ముడూ, ఇంత తీరం పెట్టుకుని ఇంకా ఏసీ హాల్లో కేకు కోస్తే మనకి సిగ్గుచేటు. ప్రైవేటు బోటు మాట్లాడు. విశాఖ నుంచి భీమిలి, భీమిలి నుంచి విశాఖ. నలభై మందిమి వస్తాం" అని ఫోన్లో ఆర్డరేశాడు. ఆయన చూసిన రీల్సులో ఒక తెల్ల పడవ, దాని మీద తెల్ల బట్టలు, పైన డ్రోను, దూరంగా సముద్రంలో మునిగిపోతున్న సూర్యుడు. ఆ సూర్యుడు గోవావాడని ఆయన గమనించలేదు.

సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపు వెలిసింది. దాని వెంట ఎక్సెల్ షీటు వచ్చింది. అందులో డ్రెస్ కోడ్‌కి ఒక కాలమ్, డీజేకి ఒకటి, కేకుకి ఒకటి, సంగీత్‌కి ఒకటి, రిటర్న్ గిఫ్టుకి రెండు. పడవకి కాలమ్ లేదు. "బోటు" అనేది "ఇతర ఖర్చులు" కింద, పూలకీ పార్కింగుకీ మధ్య కూర్చుంది. తెలుపా లేత నీలమా అన్న విషయం మీద ఆడవాళ్లలో మూడు వర్గాలు ఏర్పడి, రెండు విలీనమై, ఒకటి గ్రూపు వదిలి వెళ్లిపోయింది. ఇంత చర్చలోనూ అసలు ప్రశ్న వేసింది మా అత్తగారొక్కరే. "బాత్రూమ్ ఎక్కడుంటుంది?" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. అందరూ విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు.

పెళ్లి రోజు మే నెలలో వచ్చింది. మన పెళ్లిళ్లన్నీ మండు వేసవిలో ఎందుకు పెట్టుకుంటామో ముహూర్తాలు పెట్టేవాళ్లకే తెలియాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం కాబట్టి మరబోట్లన్నీ హార్బర్లో లంగరు వేసుకుని ఉంటాయి. ఈ సంగతి చెబితే మా వాడు నిరాశపడతాడనుకుంటే ఎగిరి గంతేశాడు. "మరింకేం! ఖాళీగా ఉన్నాయంటే చవగ్గా వస్తాయి" అన్నాడు. గిరాకీ, సరఫరా గురించి ఎంబీఏలో చెప్పినదానికీ, చేప గుడ్డుకీ సంబంధం ఉందని ఆయన సార్లు చెప్పలేదు కాబోలు.

ఫిషింగ్ హార్బరుకి వెళ్లాం. 2023 నవంబరులో ఒక్క రాత్రి మంటల్లో పదుల బోట్లు కాలిపోయింది ఇక్కడే. ఇప్పుడు మళ్లీ బోటు పక్కన బోటు ఆనుకుని నిలబడి ఉన్నాయి. కొందరు రంగులు వేస్తున్నారు, కొందరు ఇంజను విప్పి కూర్చున్నారు, మిగతావాళ్లు వలలు బాగు చేసుకుంటున్నారు. నిషేధకాలం సెలవులని అనుకునేవాళ్లు ఒకసారి ఎండలో అక్కడ నిలబడి చూడాలి. ఒక పెద్దాయన, ఆయనే బోటుకి సరంగు, మా వాడి ఎక్సెల్ షీటుని ఫోన్లో మర్యాదగా చివరిదాకా చూశాడు.

"బాబూ, ఇది సేపల బోటు. మనుసులకి పర్మిసను నేదు. ఎక్కించుకుంటే నా నైసెన్సు పోద్ది. గాలి తిరిగితే మీరూ పోతారు" అన్నాడు.

మా వాడు బేరం మొదలెట్టాడు. రెట్టింపిస్తానన్నాడు. ఆ మాటకు సరంగు నవ్వి వల మీదికి వంగిపోయాడు. వేట లేని ఆ 61 రోజులకు అర్హులైన మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 20,000 రూపాయల భృతి ఇస్తోంది. 2025కి ముందు అది పదివేలే. పడవ ఆకారంలో మా వాళ్లు చేయించదలచిన మూడంతస్తుల కేకు కొటేషను అంతకంటే ఎక్కువుంది. ఆ సంగతి సరంగు చూశాడో లేదో గానీ, షీటులో పైనే ఉంది.

సరే, మనుషుల్ని ఎక్కించుకునే బోట్ల కోసం పడ్డాం. అరగంట, గంట తిప్పి తెచ్చే షికారు బోట్లున్నాయి. వాటితో మా వాడి మనసు నిండదు. ఆయనకు పూర్తి తీరం కావాలి, పూర్తి పడవ కావాలి, అందులో అపరిచితులు ఉండకూడదు. నలభై మందిని ఎక్కించి అంత దూరం తీసుకెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలని ఆరా తీస్తే, ప్రతి ఆఫీసులోనూ ఎంతో ఆదరంగా పక్క ఆఫీసు చిరునామా చెప్పారు. ఒకరు రేవు మాది కాదన్నారు, ఒకరు నీళ్లు మావి కావన్నారు, ఇంకొకరు పడవ మా పరిధిలోకి రాదన్నారు. చివరి ఆఫీసులో మాత్రం ధైర్యం చెప్పారు: "ప్రభుత్వం పర్యాటకానికి పెద్దపీట వేస్తోందండీ." ఆ పీట మీద ప్రస్తుతం ఎవరు కూర్చున్నారో అడగబోయి ఊరుకున్నాను.

నిజానికి మనకు చిన్న పనులు నచ్చవు. రెండు వేల మంది దిగే ఓడ కోసం పోర్టులో సుమారు 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ కట్టుకున్నాం, 2023లో ప్రారంభించుకున్నాం. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ సరుకు ఓడ 'ఎం.వి. మా'ని చూడగానే దాన్ని హోటల్ చేసేద్దామని ఉత్సాహపడ్డాం. పాపం ఆ ఓడ ఏళ్ల తరబడి తుప్పు పడుతూ ఎదురుచూసింది గానీ ఒక్క ప్లేటు ఇడ్లీ కూడా వడ్డించలేకపోయింది. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించాం. మర్నాడే దాని చివరి ముక్క విడిపోయి సముద్రంలోకి జరిగింది. అది తెగిపోలేదు, పరీక్ష కోసం మేమే విడదీశాం అని అధికారులు వివరణ ఇచ్చారు. ప్రారంభించిన మర్నాడు పరీక్షించే పద్ధతి మన దగ్గరే ఉంది, పేటెంటు తీసుకోవచ్చు.

ఇంత గొడవకీ ఆ దారి తగినదే, అది మాత్రం ఒప్పుకోవాలి. హార్బరు దాటి బయటకొస్తే వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. ఎడమ చేతి వైపు ఊరు. 1969 నుంచి 2001 దాకా నీళ్ల కింద కొలువు చేసి, రిటైరయ్యాక బీచ్ రోడ్డులో సీ వ్యూ స్థలం సంపాదించిన కురుసుర జలాంతర్గామి అక్కడే. తరవాత కైలాసగిరి, ఆ పైన రుషికొండ. ఇంకాస్త ముందుకెళితే తొట్లకొండ. 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధ ఆరామం అది. ఆ భిక్షువులు డ్రోను లేకుండానే మంచి వ్యూ పట్టుకున్నారు. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం, అటుపైన వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఎర్రమట్టి దిబ్బలు, చివర డచ్చివాళ్ల సమాధులతో, గోస్తనీ నది మొగతో భీమిలి. తూర్పు కనుమలు ఇంత దగ్గరగా వచ్చి సముద్రాన్ని పలకరించే చోటు మన తీరంలో ఇదే. రోడ్డు మీద కారులో వెళ్తే సముద్రం కనిపిస్తుంది. సముద్రం మీద వెళ్తేనే కొండలు కనిపిస్తాయి. కొండలకీ నీటికీ మధ్య ఇరుక్కున్న ఊరు ఎంత సన్నగా ఉందో కూడా అప్పుడే తెలుస్తుంది.

"కొండలు సరే, డ్రోను షాటు ఎక్కడ?" అన్నాడు మా వాడు. తూర్పు నౌకాదళం కేంద్రస్థానం ముందు అనుమతి లేని డ్రోను ఎగరేస్తే వెడ్డింగ్ వీడియో చూసే మొదటి ప్రేక్షకులు పోలీసులే అవుతారని చెప్పాను. అది అర్థమైంది. అర్థం కానిది రెండోది.

"సన్‌సెట్ టైముకి ఎటు వైపు కూర్చోవాలి?"

"కొండల వైపు."

"అదేంటి తమ్ముడూ, సముద్రంలో కదా మునగాలి."

మనది తూర్పు తీరమనీ, ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే తప్ప అందులో మునగడనీ, సాయంత్రమైతే కొండల వెనక్కి పోతాడనీ చెప్పాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, ప్రాజెక్ట్ మేనేజరు కనక, "ఏదైనా అడ్జస్ట్ చెయ్యలేమా?" అన్నాడు.

పోనీ తెల్లవారుజామునే వెళ్దామని సరంగు మాట ప్రకారం సూచించాను. పొద్దున గాలి తక్కువ, ఎండెక్కాక ఎక్కువ. ఒక్కో వైపు పాతిక కిలోమీటర్ల పైమాటే, మరబోటు నడకకి రెండు గంటలు. మొత్తం నాలుగు గంటలు ఊగుతూ బిర్యానీ తినడానికి ఎందరి కడుపులు ఒప్పుకుంటాయో లెక్కేసుకోమన్నాను. మా మరదలు వెంటనే తేల్చేసింది: తెల్లవారుజామున మేకప్ ఆర్టిస్టు రాదు. ఇక ముహూర్తం విషయంలో పంతులుగారు పంచాంగం చూశారు, సరంగు కూడా చూశాడు. పంతులుగారు పౌర్ణమి దివ్యంగా ఉందన్నారు. సరంగు పౌర్ణమికి పోటు ఎక్కువన్నాడు. పంచాంగం ఒకటే, చదివే చోట్లే వేరు.

వాతావరణం ఎలా ఉంటుందో కనుక్కోమని మా వాడు నన్ను రోజూ తినేసేవాడు. ఆయన కాపురం ప్రగతినగర్‌లో. సముద్రం ఎప్పుడెలా ఉంటుందో దేశమంతటికీ చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నదీ ప్రగతినగర్‌లోనే. అలల ఎత్తు, గాలి, ప్రవాహం, చేపలు దొరికే చోట్లు, 2007 నుంచి సునామీ హెచ్చరికలు, అన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. సముద్రం లేని ఊళ్లోంచి వచ్చే ఆ కబురు హార్బర్లో సరంగు ఫోన్లో ఉంటుంది. మా వాడు రోజూ వాకింగుకి వెళ్లేది ఆ గోడ పక్కనుంచే. "అదా? ఏదో గవర్నమెంటు ఆఫీసనుకున్నా" అన్నాడు.

లైఫ్ జాకెట్ల దగ్గర ప్లాను పూర్తిగా మునిగింది. ఎవరి బోటైనా సరే ఎక్కిన ప్రతివాళ్లూ తొడుక్కోవాల్సిందేనని గ్రూపులో పెట్టాను. నారింజ రంగు పట్టుచీర మీద ఎలా ఉంటుందన్నారు ఒకరు. ఫొటోలయ్యాక తొడుక్కుంటామన్నారు ఇంకొకరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం గుర్తుచేశాను. అప్పట్లో రాష్ట్రమంతా నెల రోజులు లైఫ్ జాకెట్ల గురించే మాట్లాడుకుంది. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు నాలుగు వచ్చాయి. అయిదో మెసేజ్: "తెలుపు రంగులో దొరకవా?"

వేడుక చివరికి బీచ్ రోడ్డు పక్కన ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో జరిగింది. థీము మాత్రం మారలేదు. స్టేజీ మీద థర్మోకోలుతో తెల్ల పడవ కట్టారు, దాని చుట్టూ పొగ మిషను పెట్టి అలలు లేపారు. వెనక ఎల్ఈడీ తెర మీద రుషికొండలో తీసిన సూర్యోదయం వీడియోను వెనక్కి తిప్పి ఆడించారు, మా వాడి అస్తమయం సముద్రంలోనే అయింది. వేట లేని కాలం కనక సీఫుడ్ కౌంటర్లో చేపలూ రొయ్యలూ గోదావరి జిల్లాల చెరువుల నుంచి దిగాయి. మా అత్తగారు రాగానే బాత్రూము చూసుకుని వచ్చి ముందు వరసలో స్థిమితంగా కూర్చున్నారు. స్టేజీ ఎక్కిన ప్రతివాళ్లకీ మెట్ల దగ్గరే ఒక కుర్రాడు లైఫ్ జాకెట్ తొడుగుతున్నాడు, ఫొటోలకి బాగుంటుందని. అన్నీ తెలుపే, అద్దెకు తెచ్చారట. ఒక్కరూ వద్దనలేదు.