మీకు కూర్చోవడం రాదు నాయనా

కోప్పడకండి, ఉన్నమాటే అంటున్నాను. సినిమాకి వెళ్లి ఫోను చూస్తారు. పెళ్లికి వెళ్లి తలంబ్రాలు పడకముందే భోజనాల దగ్గర లైను కడతారు. సత్యనారాయణ వ్రతం చేయిస్తూ ‘కొంచెం త్వరగా కానివ్వండి పంతులుగారూ, మీటింగుంది’ అంటారు. మా రోజుల్లో తెల్లవార్లూ హరికథ విని అటునుంచటే పొలానికి పోయేవాళ్లు. నేను మధ్యలో నిద్రపోయేవాణ్ని, అది వేరే సంగతి. కానీ అక్కడే నిద్రపోయేవాణ్ని, లేచి ఇంటికి పోయేవాణ్ని కాదు.

కూర్చోవడమంటే ఏమిటో ప్యూరిటన్లని, ఆ పాతకాలపు ఇంగ్లీషు క్రైస్తవుల్ని, అడగాలి. మీలో సగం మంది బోస్టన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్నారు గదా, 1630లో జాన్ విన్‌త్రప్ వెంట వాళ్లు ఓడల్లో వచ్చి దిగింది అక్కడే. అంతకుముందు నుంచీ ఉన్న మాసచూసెట్ తెగవాళ్ల పేరు ఆ రాష్ట్రానికి మిగిలింది, నేల మాత్రం వాళ్లకి మిగల్లేదు. ఇవన్నీ మేం హైదరాబాదులో, ఉస్మానియా ఆవరణలోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్లో చదువుకున్నాం. కేటలాగు సొరుగు లాగి, కార్డులు తిరగేసి, నంబరు చీటీ మీద రాసుకుని వెతికితే దొరికేది పుస్తకం. కావలసింది దొరక్కపోతే పక్కనున్నది చదివేవాళ్లం, సగం చదువు అలా వచ్చిందే. మీరిప్పుడు ఫోన్‌ని అడుగుతారు. అది మూడు ముక్కల్లో చెప్తుంది, మీరు రెండు చదువుతారు.

ఏం చెప్తున్నాను? ఆఁ, మీటింగ్‌హౌస్. వాళ్ల ప్రార్థన మందిరం పేరు అది. శిలువ లేదు, రంగుటద్దాలు లేవు, వాయిద్యాలు లేవు, ఆ చలిలో నిప్పు కూడా లేదు. ఆదివారం పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఇంకో విడత. పాస్టరు దగ్గర ఇసుక గడియారం ఉండేది. ఇసుక అయిపోతే ప్రసంగం అయిపోయిందని కాదు, తిరగేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఎవరైనా కునికినా, పిల్లకాయలు ఇకిలించినా చూసుకోవడానికి కర్ర పట్టుకుని ఒకాయన. శామ్యూల్ సూవల్ అని బోస్టన్ జడ్జి ఒకాయన డైరీ రాసేవాడు. ప్రభువు బల్ల మీది రొట్టె చలికి గడ్డకట్టి, విరిచి పళ్లెంలో వేస్తుంటే గలగలమందని రాసుకున్నాడు. అయినా జనం లేచిపోలేదు. ఈ సంగతి నేను మా అబ్బాయి ఇంట్లో, హీటరు పక్కన, స్వెటరు మీద శాలువా, శాలువా మీద మంకీ క్యాపుతో కూర్చుని రాస్తున్నాను.

మరి అంతసేపు కూర్చుంటే స్వర్గం ఖాయమా అంటే, అదీ లేదు! ఎవరు తరిస్తారో, ఎవరు తరించరో దేవుడు సృష్టికి ముందే రాసి పెట్టేశాడని వాళ్ల నమ్మకం. మనకీ నుదుటిరాత ఉంది గానీ, ఒక మొక్కు మొక్కితే కొంచెం అటూ ఇటూ జరుగుతుందని ఆశ ఉంది. వాళ్లకి మొక్కుల్లేవు, ముడుపుల్లేవు. నేను ఎంపికైనవాళ్లలో ఉన్నానా అని రాత్రీ పగలూ తమని తాము తవ్వుకోవడమే. ఉన్నానన్న నమ్మకం కలిగితే, అదెలా కలిగిందో సంఘానికి చెప్పి ఒప్పించాలి. ఒప్పుకుంటేనే సభ్యత్వం, సభ్యుడైతేనే ఓటు.

చదువో? దిగిన ఆరేళ్లకే, 1636లో, హార్వర్డ్ పెట్టారు. 1647లో, యాభై ఇళ్లున్న ప్రతి ఊరూ చదువు చెప్పేవాణ్ని పెట్టుకోవాలని చట్టం చేశారు. ఎందుకనుకున్నారు, ప్యాకేజీ కోసమా? జనం బైబిలు చదువుకోలేకపోతే సాతాను పని సులువైపోతుందని! పండగలంటారా, క్రిస్మస్ చేసుకోమని బైబిల్లో లేదు గనక చేసుకోకూడదు. 1659 నుంచి 1681 దాకా, చేసుకుంటూ దొరికితే ఐదు షిల్లింగుల జరిమానా. మీరేమో ఏ దేవుడి పండగొచ్చినా టీవీ కొంటారు.

అంతటివాళ్లకీ చెదలు పట్టింది. పెద్దవాళ్ల పిల్లలు పెరిగారు. తల్లిదండ్రులకి కలిగిన ఆ నమ్మకం వాళ్లకి కలగలేదు. బాప్తిస్మం సభ్యుల పిల్లలకే గదా, మరి వాళ్లకి పుట్టినవాళ్లకి ఎలా? 1662లో పాస్టర్లంతా కూర్చుని, సగం సభ్యత్వం చాలులే అని సర్దేశారు. గ్రేస్ మార్కులేసి గట్టెక్కించినట్టు. నేను లెక్చరర్ని, అలా మొదలైతే ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు.

తేలింది కూడా. 1675లో మెటాకమ్ అనే నాయకుడి వెనక స్థానిక తెగలు తిరగబడితే, ఇది దేవుడి ఆగ్రహమని చెప్పి పెద్దలు పాపాల జాబితా తయారుచేశారు. భూముల సంగతి ఎందుకు తలుచుకుంటారు? మగాళ్లు జుట్టు పెంచుతున్నారు, విగ్గులు పెడుతున్నారు, దీవెన చెప్పకముందే మీటింగ్‌హౌస్‌లోంచి జారుకుంటున్నారు. జారుకోకుండా తలుపులు మూయించమని చట్టంలోనే రాశారు! ఈ విగ్గుల గొడవ అక్కడితో పోలేదు. 1701లో జోసయా విల్లర్డ్ అనే కుర్రాడు జుట్టు తీయించి విగ్గు పెట్టాడని తెలిసి, మన సూవల్ పనిగట్టుకుని వాళ్లింటికి వెళ్లి చీవాట్లు పెట్టొచ్చాడు. నాకు ఆయనంటే ప్రాణం. నేను జుట్టుకి రంగేసుకుంటాను, దాని గురించి మీరు మాట్లాడక్కర్లేదు.

ఇదంతా చెప్తే మా మనవరాలు, ‘అయితే తాతయ్యా, వాళ్లు ఓడ దిగి యాభై ఏళ్లు కాకుండానే మా రోజుల్లో, మా రోజుల్లో అని మొదలెట్టారా?’ అంది. మొదలెట్టారు. ఆ తరం ప్రసంగాల్లో అదే ఏడుపు. వాళ్ల ఏడుపులో న్యాయం ఉంది, నా ఏడుపులోనూ ఉంది.

మా మనవరాలికి ఇంకో ప్రశ్న కూడా ఉంది. అంత భక్తి ఉన్నవాళ్లు మేరీ డయర్‌ని ఎందుకు చంపారని. ఆవిడ క్వేకరు, అంటే వేరే క్రైస్తవ శాఖ మనిషి. ఊళ్లోకి రావద్దని వెళ్లగొడితే మళ్లీ మళ్లీ వచ్చింది. 1660 జూన్ 1న బోస్టన్‌లో ఉరి తీశారు. వాళ్లు మతస్వేచ్ఛ వెతుక్కుంటూ వచ్చారని అంటుంటారు గానీ, వెతుక్కున్నది తమకోసం. పక్కవాడికి పంచడానికి కాదు. 1692లో సేలంలో మంత్రగత్తెలని పేరుపెట్టి 19 మందిని ఉరితీసినప్పుడు జడ్జీల్లో ఈ సూవల్ కూడా ఒకడు. నాకు ప్రాణమన్నానే, ఆయనే. 1697లో, తప్పు నాదేనని రాసిచ్చిన కాగితం పాస్టరు చదువుతుంటే, అందరి ముందూ లేచి నిలబడ్డాడు. పోయినవాళ్లు తిరిగి రాలేదు, నిజమే. కానీ మీరైతే వాట్సప్‌లో చేతులు జోడించిన బొమ్మొకటి పంపి ఊరుకుందురు.

ఈసారి బోస్టన్‌లో సెలవు దొరికితే మాల్‌కి పోయేముందు స్టేట్ హౌస్ దగ్గరికి వెళ్లండి. మేరీ డయర్ విగ్రహం బయటే ఉంది. పార్కింగు దొరకదు, కారు తియ్యకండి. రెడ్ లైన్ రైలెక్కి పార్క్ స్ట్రీట్‌లో దిగి నడవండి.