పదిహేను రోజుల నాన్న

పోర్ట్ బ్లెయిర్ పేరు మారి శ్రీవిజయపురమైంది. అక్కడి మిన్నీ బేలో కొత్తగా తండ్రయిన కేంద్ర ఉద్యోగి సెలవు మాత్రం మారలేదు. తల్లికి 180 రోజులు, అయ్యగారికి 15. ప్రైవేటు కొలువైతే చట్టంలో ఆ పదిహేనూ లేవు!

అయ్యగారు ఫోన్లో వీడియో చూసి దిండుకు లంగోటా కట్టడం నేర్చాడు. దిండు కాళ్లు తన్నదు కదా.

ఈలోగా విశాఖ ఓడలో అత్తగారు ఆముదం సీసాతో దిగింది. ముక్కులో నూనె చుక్క, నాలుక మీద తేనె చుక్క పడాల్సిందేనట. ఆరు నెలలదాకా తల్లిపాలే, తేనె ఏడాది నిండాకే అంటారు డాక్టర్లు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియానే. ఇంత చెప్పాల్సిన అల్లుడు నోరు మెదపడే!

కాబోయే నాన్నలూ, ఆ సెలవు కాన్పుకు 15 రోజుల ముందు నుంచి కాన్పయ్యాక ఆరు నెలల్లోపు వాడుకోవాలి. లేదంటే మురిగిపోతుంది.