గుడ్ మార్నింగ్ బొమ్మ

గుడ్ మార్నింగ్ బొమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకీ ఆరింటికీ మధ్య వాట్సాప్‌లో బయల్దేరుతుంది. టిఫిన్ల వేళకల్లా జిల్లాలు, దేశాలు దాటేస్తుంది. అందులో ఉండాల్సిన సరుకు దాదాపు ఖాయం: నీటిబొట్లు పట్టిన ఎర్ర గులాబీ, కొండల వెనక సూర్యుడు, పై మూలన ఒక దేవుడు, పొగలు కక్కుతున్న కాఫీ కప్పు, కింద ఒక సూక్తి. కప్పు కింద సాసరు ఉంటుంది, సాసరులో నాలుగు కాఫీ గింజలు ఉంటాయి. పంపేవాళ్ల ఇంట్లో కాఫీ స్టీలు గ్లాసులో తాగుతారన్న సంగతి బొమ్మ చేసేవాళ్లకు ఇంకా తెలిసినట్టు లేదు. సూక్తిలో ఒత్తులు అక్షరాల్ని వదిలేసి పక్కకు జరిగి నిలబడతాయి. మాట ఎవరు చెప్పినా కింద పేరు మాత్రం అబ్దుల్ కలాందే. ఆయన 2015లో కన్నుమూశారు గానీ ఆయన సూక్తులు ఏటా పెరుగుతూనే ఉన్నాయి.

వాట్సాప్ 2009లో వచ్చినా బొమ్మకు మంచిరోజులు వెంటనే రాలేదు. అంతకు ముందు ఎస్సెమ్మెస్ రాజ్యంలో సంక్రాంతికో, జనవరి ఒకటినో శుభాకాంక్షలు పంపాలంటే గుండె రాయి చేసుకోవాల్సి వచ్చేది. ఏడాదంతా చవగ్గా పనిచేసిన ఎస్సెమ్మెస్ ప్యాక్ సరిగ్గా పండగనాడు పనిచేయదు. కంపెనీలు ఆ రోజుల్ని ప్యాక్ నుంచి తప్పించి, మెసేజికి పూర్తి రేటు కట్టేవి. తర్వాత మొబైల్ డేటా వచ్చినా దాన్ని నెయ్యిలా కొలుచుకుని వాడేవాళ్లు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి కొన్ని నెలలపాటు డేటాను ఊరికే పంచిపెట్టాక లెక్క తిరగబడింది. పండగనాడు కూడా మెసేజి పంపడానికి వెనకాడిన చేతులు మామూలు మంగళవారం నాడు పదకొండు గులాబీలు పంపడం మొదలుపెట్టాయి.

బొమ్మ ఏదైనా దానికో వారం ఉంది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వేంకటేశ్వరస్వామి. బుధవారం విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. వినాయకుడూ అయ్యప్పా ఇద్దరూ వస్తుంటారు. ఆదివారం సూర్యభగవానుడు రావాలి గానీ, పంపేవారి ధ్యాస మటన్ కొట్టు దగ్గర క్యూ మీద ఉంటుంది కనక ఆ పూట గులాబీతో సరిపెడతారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో శుక్రవారం చూడముచ్చటగా ఉంటుంది. లక్ష్మీదేవి, జుమ్మా ముబారక్, బైబిలు వాక్యం ఐదు నిమిషాల తేడాలో ఒకదాని కింద ఒకటి వచ్చి చేరతాయి. వాటి కింద, నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదేమని మూడో అంతస్తు వారి ఫిర్యాదు.

పంపేవాళ్లలో రిటైరైన వాళ్లదే పైచేయి. ముప్పై ఏళ్లపాటు బడికో, బ్యాంకుకో, బస్సు డిపోకో టైముకు వెళ్లిన మనిషికి ఉన్నట్టుండి వెళ్లాల్సిన చోటు లేకుండా పోతే ఆ క్రమశిక్షణ ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. కళ్లజోడు వెతుక్కుని, ఫోను చేయి చాపినంత దూరంలో పట్టుకుని, ఒక్క చూపుడువేలితో, గ్రూపు తర్వాత గ్రూపుకు పంపుకుంటూ పోతారు. సూక్తిని చదివే పంపుతారని చెప్పలేం. ‘క్షమించడమే గొప్పతనం’ అన్న బొమ్మ పంపిన బాబాయి, పొలం గట్టు తగాదాలో అన్నగారి మీద వేసిన కేసు వాయిదాకు అదే రోజు పదింటికి కోర్టుకు వెళ్తాడు. అన్నగారు ఆ బొమ్మకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి, తనూ బయల్దేరతాడు.

దారిలో ఆటంకాలు లేకపోలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లతో మూకదాడులు జరిగి మనుషులు చనిపోయాక, 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒక విడతలో ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. పుకార్ల సంగతెలా ఉన్నా, నలభై గ్రూపులున్న పెద్దమ్మకు మాత్రం పని ఎనిమిది విడతలైంది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన మెసేజిని ఒక్కసారికి ఒక్కరికే అన్నారు. దానికీ విరుగుడు దొరికింది. బొమ్మను గ్యాలరీలోకి దించుకుని మళ్లీ పంపితే అది కొత్త సరుకు కిందే లెక్క. ఈ కిటుకు వల్ల గ్యాలరీ నిండుతుంది, ఫోను మొరాయిస్తుంది. భారతీయుల ఫోన్లు ఎందుకు మొరాయిస్తున్నాయని ఆరా తీసిన గూగుల్ ఇంజినీర్లకు చివరికి గులాబీలే దొరికాయని 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. మన దేశంలో ముగ్గురు స్మార్ట్‌ఫోన్ వాడకందార్లలో ఒకరికి రోజూ ఫోన్లో చోటు చాలడం లేదని కూడా అందులో ఉంది. ఇలాంటి బొమ్మల్ని పసిగట్టి ఏరేసే యాప్‌ను గూగుల్ అప్పటికే, 2017 డిసెంబరులోనే, వదిలింది. పెద్దమ్మ ఫోన్లో ఆ యాప్ వేసిపెట్టిన మనవడు నాలుగురోజులు ఇంట్లో తలెత్తుకోలేకపోయాడు.

అందుకునేవాళ్ల కష్టం ఇంకో రకం. అమెరికా కాల్ ముగించి గచ్చిబౌలిలో ఒంటిగంటన్నరకు నడుం వాల్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అయిదింటికి దిండు పక్కన టింగుమని మోగేది ఈ గులాబీయే. ఉద్యోగపు ఒత్తిడి వల్ల వచ్చే నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, రోగంగా కాదు, కొలువుకు సంబంధించిన ఒక పరిస్థితిగా. పెద్దమ్మ బొమ్మ దాని పరిధిలోకి రాదు. గ్రూపులోంచి వెళ్లిపోదామంటే, 2022 దాకా, ఫలానావారు వెళ్లిపోయారని వాట్సాప్ అందరి ముందూ చాటింపు వేసేది. ఆ ఏడాది నుంచి అడ్మిన్‌కు మాత్రమే చెబుతోంది గానీ, అడ్మిన్ పెద్ద మావయ్యే కనక పెద్ద తేడా పడలేదు. మిగిలింది మ్యూట్. అందులో మొదట్లో గరిష్ఠం ఏడాది. 2020 అక్టోబరులో ‘ఎప్పటికీ’ అన్న వెసులుబాటు వచ్చింది. తెలుగు కుటుంబాల్లో చాలా సంబంధాలు ఇప్పుడు ఆ వెసులుబాటు మీదే నిలిచి ఉన్నాయి.

విసుక్కునేవాళ్లు ఒక సంగతి గమనించరు. బొమ్మ చూడటానికి రెండు సెకన్లు చాలు. చూశాక అది ఇంకోటి చూడమనదు. కింద ఇంకో గులాబీని సిద్ధం చేసి కూర్చోదు. అంతూ పొంతూ లేకుండా జరుగుతూ పోయే తెరను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత్తర్వాత దానికి బహిరంగంగానే విచారం వెలిబుచ్చాడు; గులాబీ చేసినవాళ్లకు ఆ అవసరం పడలేదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించాక దాని ఖాళీలోకి రీల్సు, షార్ట్సు వచ్చి చేరాయి. పొద్దున పెద్దమ్మ టైమంతా తినేస్తోందని విసుక్కున్న మనవడే రాత్రి ఒక్క వంట వీడియో అని మొదలుపెట్టి, పాత భవనం కూల్చివేత, పెంపుడు బాతు స్నానం, ఎవరిదో శ్రీమంతం మీదుగా ఒంటిగంటకు తేలతాడు. ఇద్దరిలో ఎవరి బొమ్మ ఎవరి టైము తింటోందో తేల్చడం కష్టమేమీ కాదు.

బొమ్మకు సమయజ్ఞానం తక్కువన్న మాట మాత్రం నిజం. గ్రూపులో ఎవరో పోయారన్న కబురు కింద ముప్పై ‘ఓం శాంతి’ల తర్వాత, పైకి చూసుకోని ఒకాయన ‘ఈ రోజు మీకు అన్నీ శుభాలే జరగాలి’ అని గులాబీ వేస్తాడు. కాసేపు ఎవరూ కదలరు. తర్వాత ఇంకొకరు, అలవాటు చొప్పున, దానికి దణ్ణం పెడతారు.

అసలు గులాబీని ఎవరూ చదవరు. అది హాజరు పట్టీ. డాలస్‌లో వేసవి సాయంత్రం ఏడింటికి, ఇక్కడ అయిదున్నరకు, అమ్మ పంపిన సూర్యోదయం కొడుకు ఫోన్లో దిగుతుంది. వాడు సూక్తి చదవడు, దేవుడెవరో చూడడు, వచ్చిందని చూసి భోజనానికి లేస్తాడు. ఏడున్నరైనా రాకపోతే ఫోన్లు మొదలవుతాయి. ముందు అమ్మకు, ఎత్తకపోతే పక్కింటి ఆంటీకి, ఆ తర్వాత వాచ్‌మన్‌కు. చాలాసార్లు డేటా అయిపోయి ఉంటుంది, లేదంటే ఫోను చార్జింగులో ఉంటుంది. శుక్లాల ఆపరేషన్ వంటివి అయినప్పుడు, ఎవరూ కంగారు పడకూడదని, పని మనవడికి అప్పగిస్తారు. వాడు గ్యాలరీలో చేతికి మొదట దొరికిన బొమ్మ వేసేస్తాడు. మంగళవారం పూట వేంకటేశ్వరస్వామి కనబడగానే గ్రూపంతటికీ అనుమానం వచ్చి, ఏ ఆస్పత్రిలో చేర్చారని అడగడం మొదలుపెడుతుంది.