రోజుకు పద్నాలుగు గంటలు: సీఏ పిల్లలకు లిఫ్టు సలహాలు

సీఏ ఇంటర్‌కి రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నావని ఎవరడిగినా తడుముకోకుండా పద్నాలుగు అని చెప్పండి. పన్నెండంటే బద్ధకంగా వినబడుతుంది, పదహారంటే నమ్మరు. పద్నాలుగు మాత్రం గట్టి అంకె, అడిగినవాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యరు. నీకెలా తెలుసంటారేమో. విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంటులో నలుగురు పిల్లలు సీఏ చదువుతున్నారు. లిఫ్టులో కనబడ్డప్పుడల్లా వాళ్ళకి టైమ్ ఎలా వాడుకోవాలో చెబుతుంటాను. నలుగురూ ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

ముందుగా ముహూర్తం సంగతి. కాలేజీ లేదు, ఆఫీసు లేదు, ఆర్టికల్‌షిప్ ఇంకా మొదలవలేదు, రోజంతా మీదే. ఇంత పెద్ద రోజుని ఏ బుధవారం మధ్యాహ్నమో పుస్తకం తెరిచి మొదలెట్టేస్తే మర్యాదగా ఉండదు. సోమవారమే మొదలవ్వాలి. అయితే సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. తొమ్మిది దాటాక కూర్చుంటే అది పొద్దున్నే లేచి చదివినట్టు కాదు కాబట్టి ఆ రోజు పోయినట్టే. మంగళవారం మనవాళ్ళు కొత్త పని మొదలెట్టరు. బుధవారం ఫ్రెండు హాస్టల్ మారుతున్నాడు, సామాన్లు పట్టాలి. గురువారానికి వారం సగమైపోయింది, అరకొరగా దేనికి? కనక వచ్చే సోమవారం. ఒకటో తారీఖూ సోమవారమూ కలిసి వచ్చే నెల ఏదో క్యాలెండరు తిరగేసి పట్టుకోగలిగితే ఇంకా శ్రేష్ఠం. ఆ వెతుకులాట కూడా చదువు ఖాతాలోనే రాసుకోవచ్చు. పూర్వం ఇంటర్ పరీక్షలు మే, నవంబర్ అని ఏడాదికి రెండుసార్లే ఉండేవి, ఒకటి తప్పితే ఆర్నెల్లు ఆగాలి. 2024 నుంచి సీఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జనవరి, మే, సెప్టెంబర్ అని మూడు చేశారు. తొందరపడి మొదలెట్టాల్సిన అవసరం ఆ మేరకు తగ్గింది.

ముహూర్తం దాకా ఖాళీగా ఉండకుండా టైమ్‌టేబుల్ వెయ్యండి. స్టేషనరీ షాపులో పెద్ద చార్టు, ఆరు పేపర్లకి ఆరు రంగుల స్కెచ్ పెన్నులు, అవి వెలిసిపోతే మళ్ళీ ఆరు. 4.30కి లేవడం, 4.31కి కార్పొరేట్ లా. స్నానానికి ఏడు నిమిషాలు, టిఫినుకి తొమ్మిది. అమ్మమ్మ ఫోను, కరెంటు పోవడం, గ్యాసు సిలిండరు రావడం, కడుపునొప్పి, ఇలాంటివాటికి చార్టులో చోటు ఇవ్వకండి. చోటిస్తే ఒక గంట అటూ ఇటూ అయినా టైమ్‌టేబుల్ బతికిపోతుంది. చోటు లేకపోతే 4.30కి లేవాల్సినవాళ్ళు 5.10కి లేచినప్పుడు మొత్తం రోజు కూలిపోతుంది, కొత్త చార్టు గీసుకునే అవకాశం వస్తుంది. గీసినంతసేపు మనసుకి ఎంత తృప్తిగా ఉంటుందో గీసినవాళ్ళకే తెలుసు. పక్కింటివాళ్ళొచ్చి చూసి, అబ్బో, అంటారు కూడా.

ఇక గంటల లెక్క. అకౌంట్స్ చదివేవాళ్ళు ఇందులో మిగతా లోకం కంటే ముందుండాలి. డబ్బు చేతికి రాకపోయినా ఆదాయాన్ని రాసుకునే అక్రూవల్ పద్ధతి మీకు ఫౌండేషన్‌లోనే చెప్పారు. గంటల్నీ అలాగే రాయండి. చదవాలని కూర్చున్నారా, గంట వచ్చేసినట్టే. టేబుల్ తుడవడం, హైలైటర్ మూత వెతకడం, స్టడీ హాల్లో ఏసీ కింద సీటు కోసం నిలబడటం, క్లాసు వీడియో లోడవుతుంటే పక్కనున్న ఇంకో వీడియో చూడటం, అన్నీ ఈ రోజు ఖాతాలోకే. రాత్రి డైరీలో పద్నాలుగు అని రాశాక, నిజంగా బుర్రలోకెక్కింది మూడు గంటల సరుకే అనిపిస్తే కంగారు పడొద్దు. ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు ఏం చేస్తాం? తేడా పదకొండు గంటల్నీ సస్పెన్స్ అకౌంటులో వేసి పడుకోండి. రిజల్ట్ రోజున అది దానంతటదే క్లోజవుతుంది.

ఈ లెక్కని ఎవరూ ఆడిట్ చేయకుండా చూసుకోవడం ముఖ్యం. బయటి మనిషి నేరుగా చెప్పిన సాక్ష్యం ఎక్కువ నమ్మదగినదని ఆడిటింగ్ పుస్తకంలో ఉంది, దానికోసం ఎస్ఏ 505 అని విడిగా ఒక స్టాండర్డే పెట్టారు. కాబట్టి రూమ్మేట్‌కీ నాన్నగారికీ మధ్య ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడాలు జరగనివ్వకండి. అమ్మ కాఫీ తెచ్చే వేళకి పుస్తకం తెరిచి ఉంటే చాలు. ఏ పేజీ అని అమ్మ అడగదు. నిన్నా అదే పేజీ కదా అనుకున్నా పైకి అనదు.

మిగిలిపోయిన పోర్షన్ గురించి బెంగపెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు జాలి. టాక్స్ చదివి కూడా బెంగా? వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా క్యారీ ఫార్వర్డ్ చేసుకోవచ్చు. సర్దుబాటు కాని డిప్రిసియేషన్‌కైతే ఆ గడువు కూడా లేదు. మీ బ్యాక్‌లాగ్‌ని ఈ రెండో పద్దు కిందే చూపించండి. సోమవారం చేయని రెండు చాప్టర్లు మంగళవారం నాలుగు, బుధవారం ఆరు. శుక్రవారానికి పది చాప్టర్లు ఎదురుగా కూర్చుంటాయి. అప్పుడు మనిషిలో ఒక విధమైన ప్రశాంతత వస్తుంది, ఎలాగూ అవ్వదని తేలిపోతుంది కాబట్టి. వారానికో పూట ఖాళీగా ఉంచి మిగిలిపోయినవి అందులో సర్దేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఈ ప్రశాంతత తెలియదు.

ఇప్పుడు అసలు విషయం, నిద్ర. ఇంటర్ పరీక్ష మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా. ముద్దపప్పు, ఆవకాయ, చివర్లో గడ్డ పెరుగు తిన్న తెలుగు శరీరం ఆ మూడు గంటలూ ఏం కోరుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. దాన్ని బాధపెట్టకండి. చదువు అర్ధరాత్రి ఒంటిగంటకి పెట్టుకోండి. ఊరు నిద్రపోతుంది, మెసేజీలు తగ్గుతాయి, తెల్లారి నాలుగింటికి పడుకుంటూ స్టేటస్‌లో ఒక గడియారం ఫోటో పెట్టుకోవచ్చు. ఫ్యాను కింద మధ్యాహ్నం రెండింటి నిద్రని నెలల తరబడి సాధన చేస్తే, పరీక్ష రోజున ఎవరూ గుర్తు చేయనక్కర్లేకుండా సరిగ్గా రెండింటికి బుర్ర తనంతట తానే దుప్పటి కప్పుకుంటుంది. కన్సాలిడేషన్ లెక్కలో మైనారిటీ ఇంట్రెస్ట్ దగ్గరికి వచ్చేసరికి ఆవలింత వస్తుంది. ఇన్విజిలేటరు అడిషనల్ షీటు కావాలా అని అడుగుతుంటే జోలపాటలా వినిపిస్తుంది.

మా గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక అమ్మాయి ఉండేది. రాత్రి పదిన్నరకి లైటు ఆపేసేది. నాకది చూస్తేనే ఆ పిల్ల భవిష్యత్తు మీద దిగులేసేది. మధ్యాహ్నం రెండైతే ఫోను వాళ్ళమ్మ చేతిలో పెట్టి, తలుపేసుకుని, ఏదో పాత ప్రశ్నపత్రం ముందేసుకుని ఐదింటి దాకా రాసేది. మే నెల విజయవాడ ఎండలో! కిటికీలోంచి ఒకసారి చెప్పి చూశాను, ఇంత కష్టపడి రాసేది ఎవరు దిద్దుతారమ్మా అని. తనే దిద్దుకుంటానంది, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సజెస్టెడ్ ఆన్సర్లు పక్కన పెట్టుకుని. ఇప్పుడు లేదులెండి. రెండు గ్రూపులూ పాసై, ఆర్టికల్‌షిప్ అంటూ హైదరాబాద్ వెళ్ళిపోయింది. గ్రౌండ్ ఫ్లోర్ కదా, లిఫ్టు ఎక్కే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఏ సబ్జెక్టు ఎంతసేపు అనేదానికి నా సూత్రం సులువు. నచ్చిందే చదవండి. అకౌంట్స్ లెక్క బ్యాలెన్స్ షీటు కుదిరినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది, లా చదువుతుంటే ఊరు గుర్తొస్తుంది. మరి ఏది చదవాలి? మొదటి గ్రూపులో అకౌంట్స్ 80, టాక్స్ 75, లా 38 వచ్చాయనుకోండి. మొత్తం 193. గ్రూపుకి కావాల్సిన 150 కంటే 43 ఎక్కువే. ఒక్కో పేపర్లో 40 తప్పనిసరి అనే చిన్న నిబంధన వల్ల గ్రూపు పోతుంది, అంతే. అరవై దాటిన రెండింటికీ ఎగ్జెంప్షన్ వస్తుంది, వచ్చే మూడు అటెంప్టులూ మీరూ లా పుస్తకమూ ఇద్దరే ఇంట్లో. రోజుకి ముప్పావుగంట ఆ పుస్తకానికి ఇచ్చి ఉంటే ఈ ఏకాంతం దక్కేదా?

చదవడం అంటే కళ్ళతో చదవడమే. పెన్ను జోలికి పోవద్దు. సాల్వ్ చేసిన లెక్కని పైనుంచి కిందకి చూస్తూ, అవును, అవును, ఇదీ కరెక్టే, అని తలాడిస్తూ పోతే గంటలో ఇరవై లెక్కలవుతాయి. రాస్తే మూడు కూడా కావు. వర్కింగ్ నోట్సు దగ్గర ఆగాలి, తప్పు ఎక్కడుందో వెనక్కి వెళ్ళి వెతకాలి, నామోషీ కూడాను. లా అయితే మరీ. ముందు సెక్షన్ ఏం చెబుతోందో, తర్వాత ఇచ్చిన కేసుకి అదెలా వర్తిస్తుందో, చివర ఏం తేల్చారో విడివిడిగా రాయమంటారు. పసుపు హైలైటర్‌తో పేజీ అంతా పూసేయండి. ఏది ముఖ్యమో ఏరుకునే బాధ ఉండదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ రివిజన్ టెస్ట్ పేపర్లు (ఆర్‌టీపీలు), మాక్ టెస్ట్ పేపర్లు (ఎంటీపీలు) తప్పకుండా డౌన్‌లోడ్ చేసుకోండి, ఫోల్డరుకి 'మోస్ట్ ఇంపార్టెంట్' అని పేరు పెట్టండి. తెరిస్తే పాతబడిపోతాయి.

వీడియో క్లాసులు రెండు రెట్ల స్పీడులో చూడండి. సారు పడీపడీ చెప్పిన జోకు మాత్రం మామూలు స్పీడులో. మధ్యలో విరామం కావాలంటే పొమొడోరో అని ఇటలీవాడొకడు టమాటా ఆకారం టైమరుతో కనిపెట్టిన పద్ధతి ఉంది, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి. అందులో ఆ ఐదు నిమిషాల ముక్కని పట్టుకోండి, ఫోను చేతిలో ఉంటే అదే పెరుగుతుంది. టాక్స్‌కి సీనియర్ ఇచ్చిన పాత నోట్సు చాలు. 1961 చట్టం తీసేసి 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారట, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలట. అయితే ఏమైంది, సీనియర్ చేతిరాత ముత్యాల్లా ఉంది కదా.

రివిజన్ గురించి అడగరేమని చూస్తున్నాను. మామూలుగా పేపరు పేపరుకీ మధ్య ఒక రోజు ఖాళీ ఇస్తారు. ఐదింటికి ఒకటి రాసి బయటికొస్తే, ఎల్లుండి రెండింటికి ఇంకోటి. మధ్యలో ఉన్నవి 45 గంటలు, అందులో నిద్రా తిండీ ప్రయాణమూ పోతే ఇరవై పైచిలుకు. కొందరు తమ ప్రిపరేషనంతా ఈ ఇరవై గంటల నుంచి వెనక్కి లెక్కేసుకుంటారు. అప్పుడు తిరగేయగలిగినన్ని కాగితాలే నోట్సుగా మిగలాలని మొదటిరోజు నుంచీ కుదిస్తూ వస్తారు. మీరలా కుదించకండి. ఫస్ట్ రీడింగే పరీక్ష ముందురోజు దాకా సాగాలి, చదివింది తాజాగా ఉంటుంది. ఆ 45 గంటల్లో మొదటి ఆరు గంటలు అయిపోయిన పేపరు ఆన్సర్లు ఫోన్లో సరిచూసుకోవడానికి కేటాయించండి. ఎంసీక్యూలు ముప్ఫై మార్కులకి కదా, ఒక్కోదానికీ నలుగురు ఫ్రెండ్స్ నాలుగు ఆప్షన్లు చెప్పేదాకా వదలొద్దు.

హాల్లోంచి బయటికి రాగానే గేటు దగ్గర నాన్నగారు ఎలా రాశావని అడుగుతారు. "పేపర్ చాలా లెంగ్తీ నాన్నా, టైమ్ సరిపోలేదు" అనండి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం రోజూ అద్దం ముందు, గడియారం పెట్టుకుని ప్రాక్టీస్ చేయండి. ఎక్కడా తడబడకూడదు.